విఠల్ పెద్దబాపు విడిచిన గేటు

మొన్న కోటగిరి నుంచి నిజామాబాద్ వస్తున్నాను. బస్సు బోధన్ దాటి ఎడపల్లి వైపు మళ్లాక కిటికీలోంచి చెరుకురసం కాగుతున్న వాసన గుప్పున వచ్చింది. ఎవరో రైతు పొలం దగ్గరే బెల్లం వండుతున్నట్టున్నాడు. ఆ తియ్యటి, కొంచెం మాడిన వాసన తగలగానే నా తల దానంతట అదే వెనక్కి తిరిగింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కోసం వెతికాను. అందులోంచి పొగ వచ్చి ఏళ్లు గడిచిపోయాయని నాకు తెలుసు. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మా ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో కూడా తెలుసు. అయినా చూశాను. చూసినందుకు నా మీద నాకే అనుమానం వేసింది. మనసు చెప్పిన మాటను వెంటనే నమ్మకుండా ఒకసారి పక్కకు నిలబెట్టి అడగడం నాకు విఠల్ పెద్దబాపు దగ్గర అబ్బింది. అయితే ఆయన దగ్గరికి నేను మొదట వెళ్లింది నేర్చుకోవడానికి కాదు, ఆయనను పట్టుకోవడానికి.

విఠల్ పెద్దబాపు మాకు చుట్టం కాడు. మా బాపు రాజన్న, ఆయన ఇద్దరూ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ఒకే షిఫ్టులో పనిచేశారు. బాపు ఆయనను అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు పెద్దబాపు అయ్యాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్మికులు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నప్పుడు ఆ గొంతే వాళ్లకు మైకు. ఆయన నినాదం అందుకుంటే రోడ్డు మీద పోయే లారీవాళ్లు కూడా బండి మెల్లగా చేసి చూసేవాళ్లు. ఫ్యాక్టరీ తెరుస్తారని ఆయన చెబితే జనం నమ్మేవాళ్లు. బాపైతే ఖాకీ జత ఉతికి మడతపెట్టి సిద్ధంగా ఉంచుకున్నాడు.

అట్లాంటి మనిషి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా టెంటు విడిచి వెళ్లిపోయాడు. సరిహద్దు అవతల మహారాష్ట్రలో ఉన్న అక్క ఇంటికి పోయాడని తర్వాత తెలిసింది. తిరిగి వచ్చేటప్పటికి మెడలో తులసిమాల ఉంది. టెంటు వైపు రాలేదు. సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద కూర్చుని తాళాలు పట్టుకుని పాండురంగడి నామం చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా అదే సమయానికి ఆయన ఇంటికి పాత పెంకులు పోయి కొత్త రేకులు వచ్చాయి. ఇక చెప్పేదేముంది. మాల ఒక చేతిలో, రేకులు ఇంకో చేతిలో పెట్టుకుని వాడకట్టంతా తూకం వేసింది.

బాపు అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ, "అమ్ముడువోయిండు" అన్నాడు.

"నువ్వు సూసినవా?" అంది వడ్డిస్తున్న మా అవ్వ, అంటే అమ్మ.

"సూసుడేంది. నిన్నటిదాంక గేటు కాడ గొంతు చింపుకున్నోడు తెల్లారేసరికి భక్తుడైతడా? ఎవడో ఏదో ముట్టజెప్పిండు. దేవుణ్ణి అడ్డం వెట్టుకున్నడు."

నేను అప్పటికి డిగ్రీ ముగించి బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. బాపు మాటే నాకూ నిజమనిపించింది. భక్తి పేరుతో బతికేవాళ్ల గురించి విని విని ఉన్నాను. నిజం నేనే తేల్చుకుంటానని ఒక సాయంత్రం ఆ అరుగు మీద వెనక వరసలో పోయి కూర్చున్నాను. అక్కడ ఉన్నది కొద్దిమందే. ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు, అంగడిలో మరాఠీ కలిపి మాట్లాడుతూ కూరగాయలు అమ్మే ఒకామె, గోడకు ఆనుకుని చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆయన భార్య గంగామణి పెద్దమ్మ. హారతి పళ్లెం తిప్పలేదు, హుండీ లేదు. అది కూడా నాకు నమ్మకం కలిగించలేదు, ఇంకా తెలివిగా దాస్తున్నాడనుకున్నాను. అన్నిటికన్నా ఆ గొంతు. గేటు ముందు అంత పెద్దగా పలికిన మనిషి ఇక్కడ పక్కవాడికి మాత్రమే వినబడేటంత మెల్లగా విఠల విఠల అంటున్నాడు. గొంతు తగ్గించిన మనిషి ఏదో దాస్తున్నాడని నా లెక్క.

నేను రోజూ రావడం ఆయన గమనించాడు. ఎందుకు వస్తున్నానో కూడా ఆయనకు తెలిసినట్టే ఉండేది. ఒకరోజు అందరూ వెళ్లిపోయాక ఉండబట్టలేక అడిగేశాను.

"టెంటు ఎందుకు విడిచిపెట్టినవు పెద్దబాపూ?"

ఆయన తాళాలను గుడ్డలో చుడుతూ, "సైరన్ వినబడ్డది బిడ్డా" అన్నాడు. "పొద్దుగాల షిఫ్టు సైరన్. టెంటుల కూసున్న. మంచిగనే వినబడ్డది. లేచి టిఫిన్ డబ్బ చేతికి తీసుకున్న. ఎటు పోతున్నవని పక్కపొంటి వాళ్లు అడిగిండ్రు. సైరన్ మోగింది గద అన్న." గుడ్డకు ముడి వేశాడు. "నవ్వుతరనుకున్న. ఒక్కడు నవ్వలే. వాళ్లకు గూడ అప్పుడప్పుడు వినబడుతున్నట్టుంది. గప్పుడు భయమైంది నాకు. లేని సైరన్ నేనే వీళ్లందరికి వినిపిస్తున్ననా అనిపించింది."

అక్క ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర నామం తీసుకున్నాడట. రోజూ రెండు పూటలా కూర్చోమని, మనసు ఎటు లాక్కుపోతే అటు పోకుండా నామం దగ్గరికి తిరిగి రమ్మని ఆ పెద్దాయన చెప్పాడట. అంతకుమించి చెప్పిందేమీ లేదట.

"మరి సైరన్ ఆగిందా?" అన్నాను వెక్కిరింపు దాచుకుంటూ.

"ఆగలే. ఇయ్యాల గూడ మోగింది. మోగంగనే నామం అందుకుంట. గది నిజం సైరన్ కాదని మతికొస్తది. గంతే."

"గిది గూడ ఇంకో గేటే గద? అక్కడ ఫ్యాక్టరీ తెరుస్తరని కూసున్నవు, ఇక్కడ దేవుడు తలుపు తీస్తడని కూసున్నవు."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "తెల్వదు బిడ్డా. సూడాలె" అన్నాడు. ఆ జవాబు నన్ను ఇంకా ఇరుకున పెట్టింది. మోసం చేసేవాడు తెలియదు అనడు కదా అని ఒక మనసు. అట్లా అంటేనే మనం నమ్ముతామని వాడికి తెలుసు కదా అని ఇంకో మనసు.

కొన్నాళ్లకు ఆ ఇంటి ముందు ఒక తెల్లకారు ఆగింది. దిగినవాళ్లలో ఒక పార్టీ నాయకుడున్నాడు. నేను గోడ ఇవతల పెద్దమ్మతో కూర్చుని ఉన్నాను, మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి. ఎన్నికలు దగ్గరికొచ్చాయి, మళ్లీ టెంటు వెయ్యాలి, నీ గొంతు కావాలి, తర్వాత నీ సంగతి మేం చూసుకుంటాం అంటున్నాడు. పెద్దబాపు చాలాసేపు విని, "తెరుస్తరన్న నమ్మకం మీకున్నదా?" అని అడిగాడు. నాయకుడు మళ్లీ ఎన్నికల మాటే ఎత్తాడు. "నాకు గూడ లేదు. లేని మాటకు నా గొంతియ్య" అన్నాడు. కారు వెళ్లిపోయింది.

ఇంటికి పోయి బాపుకు అంతా చెప్పాను. బాపు బీడీ ఆర్పి, "నువ్వు గోడకు ఇవుతల ఉన్నవని వానికి ఎరుకనే గద" అన్నాడు. అనుమానం ఒకసారి ఇంట్లో చేరితే రుజువులన్నీ దానికే మేత అవుతాయని ఆ రోజు అర్థమైంది.

రేకుల సంగతి నాకు చెప్పింది గంగామణి పెద్దమ్మ. చెప్పింది నాకు కాదు, ఆయనను తిడుతూ అంటుంటే నేను విన్నాను. "వాడకట్టంత నిన్ను అమ్ముడువోయినవంటున్నది. నేను చిట్టి ఎత్తి రేకులేయిస్తే నీకు పేరొచ్చింది. వేళ్లు అరిగేది నాయి. నువ్వు ఫ్యాక్టరీ పిచ్చిల కొన్నేండ్లు ఇంటికి రాలే. ఇప్పుడు ఇంట్లనే ఉన్నవు, అయినా లేవు. నీకు మాయ పోయిందంటవు. నాకైతే అది అంగీ మార్చుకున్నట్టు కొడుతున్నది."

అరుగు మీద కూర్చున్న మేమంతా తలలు దించుకున్నాం. పెద్దబాపు తాళాలు కింద పెట్టాడు. లోపలికి పోయి కత్తెర, నానబెట్టిన తునికాకు కట్ట తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆకు కత్తిరించడం ఆయనకు రాదు. ఆమె ఆకు మీద కొలతకు అచ్చు రేకు పెట్టి చూపించింది, విసుక్కుంటూనే. ఆ సాయంత్రం తాళాలు లేవు. కత్తెర చప్పుడు మీదే నామం నడిచింది. మరుసటి రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. పెద్దమ్మ ముఖంలో అనుమానం వెంటనే పోలేదు. ఎన్నాళ్లుంటుందో చూస్తానన్నట్టుగా చాలాకాలం ఆయన చేతులవైపే చూస్తూ ఉండేది. ఒకరోజు ఆకు కత్తిరిస్తూ ఆయన నా పాత ప్రశ్నకు జవాబిచ్చాడు.

"గేటా కాదా అన్నవు గద బిడ్డా. గేటు కాడ ఉన్నన్ని రోజులు నేను ఫ్యాక్టరీ దిక్కే సూసిన. పక్కన ఎవలున్నరో సూడలే. మీ బాపు మొఖం ఎంత గుంజుకపోయిందో గప్పుడు కండ్లవడలే. ఇప్పుడు నామం చెప్తుంటే పక్కనున్నోళ్లు కండ్లవడాలె. కండ్లవడకపోతే ఇది గూడ గేటే. నీ అనుమానం మంచిదే, ఇడువకు."

ఆ యేడు చెరుకు కోతల ముందు మళ్లీ పుకారు లేచింది. పెద్ద సార్లు వచ్చి యంత్రాలు చూస్తారట, ఈ సీజన్‌కు గేటు తెరుస్తారట. అదే సమయానికి వర్నిలో ఒక రైస్‌మిల్లువాళ్లు బాపును బాయిలర్ పనికి రమ్మని కబురు పంపారు. బాపు పోనన్నాడు. తాను లేనప్పుడు తెరిస్తే తన జాగాలో ఇంకెవరినో పెట్టుకుంటారని ఆయన భయం. అవ్వ బతిమాలింది. నేను గొడవపడ్డాను. చివరికి పెద్దబాపు దగ్గరికి పోయి, జర వచ్చి చెప్పమని అడిగాను.

వచ్చాడు. గుమ్మంలో నిలబడగానే బాపు వాడకట్టు వినేలా, "నన్ను గూడ కొనిపియ్యనీకి వచ్చినవా?" అన్నాడు. పెద్దబాపు గుమ్మం దిగి వెళ్లిపోయాడు. అంతేనా అని నాకు కోపం వచ్చింది. తెల్లవారి బాపు ఖాకీ బట్టలు వేసుకుని గేటు వైపు పోతుంటే పెద్దబాపు వచ్చి పక్కన నడిచాడు. గేటు ముందు కలిసి కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి తప్ప బాపుతో ఒక్క మాటా ఆడలేదు. రోజూ అదే పని.

ఆయన గేటు దగ్గరికి తిరిగి వచ్చాడన్న వార్త ఊళ్లో ఇంకో తీరుగా పాకింది. విఠల్ మళ్లీ కూర్చున్నాడంటే ఫ్యాక్టరీ తెరిచేది ఖాయమే, లోపలి సంగతి వాడికి ముందే తెలిసి ఉంటుంది అన్నారు. విడిచినప్పుడు అమ్ముడుపోయాడన్నవాళ్లే ఒక్కొక్కరుగా వచ్చి ఆయన వెనక కూర్చున్నారు. "నేను రాజన్న కోసం వచ్చిన, నాకేం తెల్వదు" అని ఆయన ఎంత చెప్పినా, పెద్దవాళ్లు చెప్పొద్దన్నారు కాబోలు అని తలలూపారు.

ఆ రోజు నాకు బడి సెలవు. బాపుకు సద్ది తీసుకుని నేనూ గేటు దగ్గరికి వెళ్లాను. ఎండ ఎక్కుతుండగా నిజామాబాద్ వైపు నుంచి ఒక పెద్ద కారు వచ్చి సరిగ్గా గేటు ముందే ఆగింది. అందరూ ఒక్కసారే లేచారు. ఎవరో చొక్కా గుండీలు పెట్టుకున్నారు. బాపు తల దువ్వుకున్నాడు. కారు అద్దం దిగింది. డ్రైవర్ తల బయటపెట్టి, "అన్నా, వర్నికి ఎటు పోవాలె?" అని అడిగాడు.

పెద్దబాపే ముందుకు వచ్చి, చాలాకాలం తర్వాత తన పాత గొంతుతో, ఎక్కడ మళ్లాలో చెబుతూ చేయెత్తి చూపించాడు. కారు పోయింది. బాపు ఉన్నచోటే కూలబడి కాసేపు దుమ్మువైపు చూశాడు.

"ఎవలు రారని నీకు ముందే ఎరుకనా అన్నా?"

పెద్దబాపు ఆయన పక్కన కూర్చున్నాడు. "నాకేం ఎరుక లేదు రాజన్నా. నేను గూడ లేచి నిలవడ్డ."

బాపు ఆయన ముఖంలోకి చూశాడు.

"మాలేసుకున్న. రోజు నామం చెప్తున్న. అయినా కారు ఆగంగనే నాకంటే ముందు నా కాళ్లు లేచినయి. నీకు అబద్ధమెందుకు చెప్పాలె."

బాపు ఏడ్చాడు. ఎన్ని రుజువులు చెప్పినా కరగని అనుమానం ఆ ఒక్క మాటకు కరిగింది. అమ్ముడుపోయినవాడైతే, లేదా మాయను గెలిచానని చెప్పుకునేవాడైతే ఆ మాట అనడని బాపుకు తోచి ఉంటుంది. నాకైతే అదే తోచింది. ఆ వారమే బాపు ఖాకీ బట్టలతోనే వర్ని మిల్లులో చేరాడు. భజనకు మాత్రం ఎప్పుడూ రాలేదు. పెద్దబాపు రమ్మనలేదు. సెలవు రోజుల్లో బాపే వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని పత్తి ధర, కాలువ నీళ్లు, పిల్లల చదువులు మాట్లాడి వచ్చేవాడు.

విఠల్ పెద్దబాపు పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఆయన పోయిన రోజు కూడా, అంత భక్తుడు చివరికి ఏం కూడబెట్టాడో అని గుసగుసలాడినవాళ్లున్నారు. గంగామణి పెద్దమ్మ విన్నది. విని, ఆయన రోజూ ఆకు కత్తిరించిన కత్తెరను ఆయన పక్కన పెట్టి మెడలోని మాల సరిచేసింది.

నేనిప్పుడు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈ యేడు మమ్మల్ని పర్మినెంటు చేస్తారని ప్రతి యేడూ మాట పుడుతుంది. ఫోన్ మోగినప్పుడల్లా స్టాఫ్‌రూంలో అందరి చూపులూ ఒకే దిక్కుకు పోతాయి, నావి కూడా. సాయంత్రం ఇంటికొచ్చి దీపం పెట్టి కాసేపు నామం చెప్పుకుంటాను. నేను భక్తురాలినని ఎవరితోనూ అనను, ఆ మాట నాకే పూర్తిగా నమ్మబుద్ధి కాదు. మధ్యలో ఫోన్ మోగుతుంది. ఒక్క క్షణం ఆగి నన్ను నేను చూసుకుంటాను. అప్పటికే లేచి నిలబడి ఉంటాను. మళ్లీ కూర్చుంటాను. నామం ఎక్కడ వదిలానో అక్కడ అందుకుంటాను.