బొట్టు పెట్టుకున్న సిపాయిలు

"ఈ వయసులో మీకీ బొమ్మలాటేటి?" అని మా ఆవిడ అడగని ఆదివారం లేదు. బొమ్మలాట కాదే, యుద్ధం అంటే వినదు. వేలెడంత కూడా ఉండని సైనికులని తయారుచేసి, రంగులేసి, బల్ల మీద ఎదురెదురుగా నిలబెట్టి, పాచికలేసుకుంటూ ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాన్ని మళ్ళీ పోరాడటం మా ఆట. నాకు తెలిసి ఈ ఊళ్ళో అంత పిచ్చి ఉన్నవాళ్ళం ఇద్దరమే, నేనూ బావా. బావంటే చుట్టం కాదు, పిలుపు వరకే. అతను పోర్టులో క్రేన్ నడిపేవాడు, ఇల్లు గోపాలపట్నంలో. నేను స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాను, ఉండేది కూర్మన్నపాలెం. మా ఇంటి మేడమీద గదిలో ఓ పెద్ద బల్ల ఉంది. మా రాజ్యమంతా దాని మీదే.

మేం పోరాడింది ఒకే ఒక్క యుద్ధం, పద్మనాభం యుద్ధం. ఈస్టిండియా కంపెనీ సైన్యానికి ఎదురు నిలిచి విజయనగరం రాజు ప్రాణాలు విడిచిన చోటు బావ వాళ్ళ పల్లెకి కూతవేటు దూరం. వేరే యుద్ధం ఊసెత్తితే అతనికి ఒళ్ళు మండిపోయేది. చిక్కేమిటంటే, ఎక్కడెక్కడి దేశాల సైనికులో ఆన్‌లైన్లో డబ్బాల కొద్దీ దొరుకుతారు గాని, మన రాజుగారి బంట్లు ఎక్కడా దొరకరు. అందుకని ఆ ప్లాస్టిక్ దొరలనే తెప్పించి, బ్లేడుతో టోపీలు కోసేసి, కుళాయి లీకులు ఆపే ముద్దతో తలపాగాలు చుట్టేవాళ్ళం. గుండుసూదులు బల్లేలయ్యేవి. థర్మోకోల్‌తో కొండ కట్టాం. దాని మీది బండరాళ్ళు మా ప్లాంటు కొలిమిలోంచి వచ్చిన చిట్టెం ముక్కలు. బాట మీద దుమ్ముకి పరవాడ కరెంటు ప్లాంటు బూడిద జిగురులో కలిపి పూశాం. అబ్బో, ఆ దుమ్ము చూస్తే ముక్కు మూసుకోవాలనిపించేది, అంత నిజంగా ఉండేది.

ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. పక్కపక్కనే కుర్చీలు, మధ్యలో భూతద్దం బిగించిన దీపం, గదంతా థిన్నర్ వాసన. ముందు బూడిదరంగు పూత, అది ఆరాక బట్టల రంగులు, ఆ పైన టీ నీళ్ళంత పల్చటి గోధుమరంగు ఒకటి పోస్తే మడతల్లోకి దిగి నీడలు పడేవి. ఆఖర్న కళ్ళు. బావ బంట్ల కళ్ళు వేసేటప్పుడు నన్ను బతకనిచ్చేవాడు కాదు.

"ఊపిరాపు బావా, కళ్ళేత్తన్నాను."

"నీ బంటుకి కళ్ళేత్తే నా ఊపిరెందుకయ్యా ఆపాలి?"

"బల్ల కదుల్తంది. ఆడికి మెల్లకన్ను వచ్చేత్తే నీదే పాపం."

నేను ఊపిరి బిగబట్టేవాడిని. అతను తీరిగ్గా రెండో కన్ను కూడా వేసి, అప్పుడు "ఊఁ, పీల్చుకో" అనేవాడు. అలా పీల్చుకున్న గాలి ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

కాని ఒక్క పేచీ ఉండేది. రాజుగారి సైన్యం ఎప్పుడూ అతనిదే. కంపెనీ సైన్యం ఎప్పుడూ నాదే. ఎర్రకోట్లవాళ్ళని నేనే అతికించాను, నేనే రంగులేశాను. కంపెనీ సైన్యమంటే అందరూ తెల్లవాళ్ళనుకుంటారు. కాదు. దొరలు నలుగురుంటే ఉంటారు, మిగతావాళ్ళంతా జీతానికి కుదిరిన మన సిపాయిలే. అందుకే కోటు ఎర్రగా వేసినా మొహాలు చామనఛాయగానే వేశాను. బావ వాటివైపు సరిగ్గా చూసేవాడే కాదు. "కూలికి అమ్ముడుపోయినోళ్ళకి మొహాలెందుకు?" అనేవాడు.

ఒక ఆదివారం నాకు విసుగొచ్చింది. "ఈసారి నాను రాజు వైపుంటాను, నువ్వు కంపెనీ తీసుకో" అన్నాను.

"మా ఊరోళ్ళ మీదకి నన్ను తుపాకీ ఎత్తమంటావేటి?"

"ఎన్నాళ్ళయ్యా ఈ కంపెనీ కొలువు నాకు? ఒక్కసారి మారితే ఏటి పోద్ది?"

మాటకి మాట పెరిగింది. పాచికలు నేలమీద పడ్డాయి. బావ తన బంట్లని ఒక్కొక్కరినీ దూదిలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో సర్దుకుని, ఆఖర్న గుర్రం మీదున్న రాజుని జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. న్యాయం నా పక్షానే ఉందని అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. కాని అతను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, నేను పట్టినదానికీ అంతే. అతను రాలేదు, నేను ఫోన్ చెయ్యలేదు. మా ఆవిడా వాళ్ళావిడా మాత్రం రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆ వేసవంతా మేడమీదికి వెళ్ళి ఖాళీ కొండ వైపు చూస్తూ కూర్చునేవాడిని. ఎదుట శత్రువు లేని సైన్యం ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఒకసారి ఓ సిపాయికి కొత్తగా కళ్ళు వెయ్యబోయి, ఊపిరాపమనడానికి పక్కన మనిషి లేక బ్రష్షు కింద పడేశాను. ఇక అతను రాడేమో, ఈ వయసులో నాకు మరో బావ ఎక్కణ్ణించి వస్తాడని దిగులు పట్టుకుంది. ఆఖరికి సిపాయిలని అట్టపెట్టెలో పడేసి మంచం కిందకి తోసేశాను.

దసరా వచ్చింది. మా ఆవిడకి పుట్టింటి ఆనవాయితీ ఉంది, బొమ్మల కొలువు పెడుతుంది. ప్రతి ఏడాదీ కొలువులో కొత్త బొమ్మ ఒకటైనా ఉండాలట. ఆ ఏడాది కొనడం మరిచిపోయిందో, బద్ధకించిందో, మంచం కింద పెట్టె లాగింది. నేను రైతుబజారు నుంచి కూరలు పట్టుకుని వచ్చేసరికి కంపెనీ సైన్యం యావత్తూ మూడో మెట్టు మీద, సీతారాముల కింద, బారులు తీరి నిలబడి ఉంది. ప్రతివాడి నుదుటా ఆవగింజంత కుంకుమ బొట్టు. ఎదురుగా అగరొత్తులు, పళ్ళెంలో శనగలు.

"కొంపముంచావే! ఆళ్ళెవరో తెలుసా నీకు? కంపెనీ సిపాయిలు!"

"ఎవరైతే ఏటండీ, మన మొహాలే కదా. నుదుళ్ళు బోసిగా ఉన్నాయని అగ్గిపుల్లతో ఎట్టినాను. కళ్ళు భలేగా ఏసారు."

సరిగ్గా ఆ సాయంత్రం పేరంటానికి వచ్చింది బావ వాళ్ళావిడే. చూసింది, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో బావ. చంకలో బిస్కెట్ల డబ్బా.

నాతో మాట్లాడలేదు. మా ఆవిడ వైపు తిరిగి, "కంపెనీవోళ్ళకి హారతులిచ్చి శనగలు పంచుతన్నారంట. మావోళ్ళేటి పాపం సేసినారు సెల్లెమ్మా?" అన్నాడు.

"తెచ్చావుగా అన్నయ్యా, నాలుగో మెట్టు ఖాళీయే."

దూదిలోంచి బంట్లందరినీ తీసి అతనే నిలబెట్టాడు. జేబులోంచి రాజుని తీసి ముందు పెట్టాడు. మా ఆవిడ వాళ్ళకీ బొట్లు పెట్టింది. అప్పుడు నా వైపు చూసి, "ఏటి బావా, సిక్కిపోయినావు" అన్నాడు. నేను కాఫీ తెమ్మని అరిచాను.

దసరా వెళ్ళాక వచ్చిన ఆదివారం మేడమీద బల్ల దులిపాం. బావ తనంతట తనే వెళ్ళి కంపెనీ వైపు కుర్చీలో కూర్చున్నాడు.

"ఈయేళ రాజు నీవోడు. ఏసుకో పాచికలు" అన్నాడు.

ఆ మాటకోసం నేను ఎన్నాళ్ళు పోట్లాడానో! రాజుని కొండవాలు దాకా నడిపించి పాచికలు వేశాను. రెండూ ఆర్లు. ఎర్రకోట్ల ముందు వరస పడిపోవాలి. మా లెక్కలో, దెబ్బ తిన్న వాడి యజమానే వాడిని బల్ల మీంచి తియ్యాలి.

బావ చెయ్యి చాపి ఆ వరస చివరనున్న సిపాయిని పట్టుకున్నాడు. కళ్ళజోడు పైకి తోసి, దీపం దగ్గరికి తెచ్చి, ఆ బొట్టూ ఆ కళ్ళూ చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒకడి మొహం అతను చూడటం అదే మొదలు.

"ఏటయ్యా ఆలీసెం, తియ్. సచ్చిపోయాడు" అన్నాను, గెలుపు మత్తులో.

"ఈడు మా సిన్నాన్నలాగున్నాడు బావా" అన్నాడు.

తియ్యలేదు. తీసుకెళ్ళి మళ్ళీ వరసలోనే నిలబెట్టాడు. నేనూ తియ్యమనలేకపోయాను.