కాలవ నీళ్ళతో కట్టిన ఇల్లు

మే నెలలో ఒక ఉదయం, గుడివాడలో ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. బిల్డరు దగ్గర సైట్ ఇంజనీరుగా ఐదేళ్ళు నిండాయి. ఆస్తులకు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ కావాలని నా కోరిక. "నాలుగు గోడలు కొలిచి అంకె వేయడమేగా, అందులో చూసేదేముంది?" అన్నారు మావారు. నాకూ అనుమానం లేకపోలేదు. ఆ పనిలో తలపండిన రత్నంగారు బందరు రమ్మంటే, ఒక రోజు చూసి తేల్చుకుందామని బయల్దేరాను.

ఎదురు సీట్లో చిలకలపూడి గిల్టు నగల పనివాడు ఒకాయన నా సంగతి విని, "మా సరుక్కి కూడా విలువ కడతారా అండీ?" అని అడిగాడు. "ఇళ్ళకీ స్థలాలకే బాబాయ్" అంటే, "బతికిపోయాం" అని నవ్వాడు.

బందరు బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, రత్నంగారితో తొమ్మిదిన్నరకు అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాకా ఆయన లైసెన్సు సంగతులే చెప్పారు. సివిల్ డిగ్రీ, ఐదేళ్ళ అనుభవం, గుర్తింపు ఉన్న వాల్యూయర్ల సంస్థలో సభ్యత్వం, యాభై గంటల శిక్షణ, ఆపైన పరీక్ష. గట్టెక్కితే రిజిస్ట్రేషన్.

"పనికి కొదవ లేదమ్మా. బ్యాంకు లోన్లు, అన్నదమ్ముల పంపకాలు, కోర్టు తగాదాలు. కాకపోతే మొదట్లో ఎవరూ పిలవరు. ఓపిక పట్టాలి."

అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని ఊరు చేరేసరికి పదకొండు దాటింది. ఇల్లు సుజాతది. టైలరింగ్ షాపు పెట్టుకుందామని ఇంటి మీద బ్యాంకు లోను అడిగింది. మా రిపోర్టు బాగుంటేనే లోను. గేటు తీస్తూనే "లోనొస్తుందంటారా అండీ?" అని అడిగింది.

లోపలికి వెళ్ళాను. మోకాలెత్తు మేర గోడంతా ఉప్పు పొంగి పెచ్చులు రాలుతోంది. ఇలాంటి గోడకు ఏం రాస్తాం? రత్నంగారు "నువ్వే చూడమ్మా" అని అరుగు మీద కూర్చున్నారు.

మంచినీళ్ళు అడిగాను. సుజాత క్యాన్ నీళ్ళు తెచ్చింది. "మీ బోరు నీళ్ళివ్వండి" అన్నాను.

"అయ్యో, నోట్లో పెట్టలేరండీ!"

నిజమే, ఉప్పు కషాయం. పుక్కిలించి ఊసేశాను. "కింద ఈ ప్లాస్టరింగ్ ఎప్పుడు చేయించారు?"

"పోయిన నెల్లోనండీ. బ్యాంకు ఇంజనీరుగారొస్తే గోడ కొత్తగా కనపడాలని. వేసవికి కాలవల్లో నీళ్ళు కట్టేశారు కదా, బోరు నీళ్ళతోనే కలిపించేశాం."

పెళ్ళిచూపుల ముందు పౌడరు ఎక్కువైనట్టుంది వ్యవహారం. "మరి ఇల్లు కట్టినప్పుడో?"

ఈసారి సుజాత అత్తగారు, మరియమ్మగారు జవాబిచ్చారు. "అప్పుడు కాలవ నీళ్ళేనమ్మా. మా ఆయన బోరు నీళ్ళు చుక్క కలపనివ్వలేదు. కావిడేసుకుని తనే మోశాడు. పోయేదాకా భుజాన కాయ ఉండేది."

పెచ్చు ఊడదీసి లోపలి గోడను సుత్తితో తట్టాను. ఖంగుమంది. గది గదికీ వెళ్ళి తట్టాను. ఎక్కడా డొల్ల లేదు.

"అంకె బ్యాంకుకే రాస్తామండీ, మేం చెప్పకూడదు. ఉప్పంతా బోరు నీళ్ళ పూతదే, లోపలి గోడ మాత్రం గట్టిది. కాలవకు నీళ్ళు వదిలాక ఆ కింద పూత మార్పించుకోండి" అన్నాను. సుజాత కొంగుతో ముఖం తుడుచుకుంది. మరియమ్మగారు గోడకు అరచెయ్యి ఆనించి, "ఈ మాట ఆయన వింటే బాగుండేది" అన్నారు.

భోజనానికి ఎంత బతిమాలినా రత్నంగారు ఒప్పుకోలేదు. రిపోర్టు రాయాల్సిన ఇంట్లో తినకూడదట. అవనిగడ్డ మెస్సులో పప్పుచారుతో తిన్నాం. ఆయన బందరు బస్సెక్కారు, నేను పామర్రు వైపు వచ్చాను.

పామర్రులో బస్సు మారుతుంటే మావారు ఫోన్ చేశారు. పరీక్ష రాస్తున్నానని చెప్పాను.

"ఇంతకీ అంత దూరం వెళ్ళి ఏం చూశావు?"

"ఒకాయన మోసిన నీళ్ళు" అన్నాను.