వద్దన్న పది కిలోలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, దోహాలో సెలవు దొరికిన మనిషికి ఉన్నట్టుండి ఎక్కడలేని పలుకుబడి వచ్చేది. నిన్నటిదాకా పప్పులో ఉప్పు ఎక్కువేశాడని తిట్టినవాళ్ళే పక్కన చేరి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగేవారు. (బాగుందని చెబితే, అయితే ఇంకో దుప్పటి మోయగలడని లెక్క.) ఇంటికెళ్ళేవాడు తన సామాను మాత్రమే పట్టుకెళ్ళడమనేది మా క్యాంప్‌లో ఎవరూ కనీవినీ ఎరగరు. ఒకరి దుప్పటి, ఒకరి అత్తరు సీసా, భార్య కోసం ఇంకొకరు మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు, అన్నీ అతని అట్టపెట్టెలోకే చేరేవి. విమానం వాళ్ళు మనిషికి ఇన్ని కిలోలని గీత గీసి ఊరుకుంటారు కనుక, మా మధ్య కిలోకి ఉన్న గౌరవం డిగ్రీకి ఉండేది కాదు. నా దగ్గర డిగ్రీ ఉండేది.

ముఐథర్ వైపున్న ఆ క్యాంప్‌లో నేను టైమ్‌కీపర్ని. సైటుకి ఎవరు ఎప్పుడొచ్చారో రాసుకోవడం నా ఉద్యోగం. దానికి బీకామ్ ఎందుకో నాకూ తెలియదు, కంపెనీకీ తెలియదు. మొదటి సెలవు పెళ్ళిచూపుల కోసం దొరికింది. అమ్మాయి తునిలో ఒక లెక్కల మాస్టారి కూతురు. సంబంధం తెచ్చిన మా మేనమామ ఫోన్‌లో ఒకటే హెచ్చరిక చేశాడు. "ఒరేయ్, ఆయనకి గల్ఫ్ కుర్రాళ్ళంటే నమ్మకం లేదు. ఇదివరకొకడు వస్తున్నా వస్తున్నా అని, ఆఖరికి విమానం రద్దయిందని ఫోన్ చేసి, మళ్ళీ పత్తా లేడట. అనుకున్న రోజుకి రాకపోతే ఆయన గడప తొక్కనివ్వడు. నీకు ఏ అవాంతరమైనా రానీ, విమానం వంక మాత్రం పెట్టకు." అప్పటికే ఫోటో చూసి ఉన్నాను. ఆ గడప తొక్కాలని నాకు గట్టిగానే ఉంది.

విమానం రద్దయింది.

ఏదో భాగం చెడిందన్నారు. ఊళ్ళో ఉండేవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు, వేరే విమానంలో చోటు దొరికాక కబురు చేస్తామన్నారు. అట్టపెట్టెతో క్యాంప్‌కి తిరిగొచ్చేసరికి నా మంచం మీద కొత్తవాడెవరో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. (తప్పు అతనిది కాదు. సెలవు మీద వెళ్ళేవాడి మంచం, వాడు గేటు దాటకముందే చేతులు మారడం అక్కడి ఆచారం.) పై మంచం మీంచి జగిత్యాల మేస్త్రీ తల వంచి చూశాడు. క్యాంప్ మొత్తానికీ ఆయనే 'అన్న'.

"ఏంది తమ్మీ, గప్పుడే పోయచ్చినవా? పిల్ల నచ్చలేదా?"

సంగతి చెప్పాను. అన్న లేచి కూర్చున్నాడు. "నష్టపరిహారం అడుగాలె. కిలోలు అడుగు. పైసలు అడిగితే మాఫీ, లేవంటరు. కిలోలంటే వాళ్ళ సేతుల పని." ఈ మాట గది దాటి వెళ్ళింది. తెల్లారి నేను గడ్డం గీసుకుంటుండగానే, రాని కిలోల కోసం నాలుగు దుప్పట్లూ ఒక ఇస్త్రీ పెట్టే నా పెట్టె పక్కన వరసలో నిలబడి ఉన్నాయి.

నేను మాత్రం కాలేజీ ఇంగ్లీషులో మూడు పేజీల అర్జీ రాశాను. 'మానసిక క్షోభ' అన్న అర్థం వచ్చే మాటలు అందులో రెండుచోట్ల పడ్డాయి. ఎవరిదో టై అడిగి కట్టుకున్నాను. అల్ తుమామాలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్న కడప మామ యజమాని బండిలో మమ్మల్ని ఆ విమానాల కంపెనీ ఆఫీసు దగ్గర దించి బయటే ఆగాడు. సాక్షిగా అన్న నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

కౌంటర్లో ఉన్న మలయాళీ పెద్దమనిషి మూడు పేజీలూ ఓపిగ్గా చదివాడు. మా సంభాషణంతా హిందీలోనే నడిచింది, ఎవరి హిందీ వాళ్ళదే.

"నువ్వే రాశావా?"

"అవును సార్."

"బాగా రాశావు. డబ్బు ఇవ్వడం నా చేతిలో లేదు. పది కిలోలు ఎక్కువ వేసుకో, రాసిస్తాను."

వెనక నుంచి అన్న తృప్తిగా విడిచిన శ్వాస నా మెడకి తగిలింది. సరిగ్గా అప్పుడే నా నోట్లోంచి, నన్ను అడక్కుండానే, ఒక మాట బయటపడింది.

"కిలోలు వద్దు సార్."

వెనక శ్వాస ఆగిపోయింది.

"మరేం కావాలి?"

"చెడింది మీ విమానమే కానీ నేను కాదని, మీరే ఒకాయనకి ఫోన్ చేసి చెప్పాలి. నేను చెబితే నమ్మరు."

మాస్టారి సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, అమ్మాయి ఫోటో ఉందా అన్నాడు. ఇచ్చాను. పాస్‌పోర్టు చూసినట్టు కాసేపు ఫోటో వైపూ, కాసేపు నా మొహం వైపూ చూశాడు. "నీ కేసు కొంచెం కష్టమే," అన్నాడు, "అయినా ప్రయత్నిద్దాం." మాస్టారి ఇంటి ఎదుటి మందుల షాపు నంబరు రాసుకుని, బొంబాయి ఆఫీసుకి టెలెక్స్ పంపుతానన్నాడు.

అన్న ముందుకొచ్చాడు. "సాబ్, అదీ ఇదీ రెండూ ఇయ్యరాదా?"

"ఒక విమానానికి ఒకటే," అన్నాడాయన.

తిరుగుదారిలో అన్న వేళ్ళు మడిచి పది దాకా లెక్కపెట్టాడు. "పది కిలోలు తమ్మీ. ఎవలన్న ఇడిసిపెడ్తరా?"

"ఊరకుండప్పా," అన్నాడు కడప మామ. "పిల్లోడు పెండ్లి చేసుకోను పోతాండాడు, దుప్పట్లు అమ్మను కాదు గదా."

ఆ పూట నుంచి నా ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు. కానీ మళ్ళీ కబురొచ్చి నేను బయల్దేరేటప్పుడు, అన్న ఒక చిన్న అత్తరు సీసా నా జేబులో వేశాడు. ఎవరికివ్వాలన్నా అని అడిగాను. "ఎవలకు లేదు. ఆ ఇంటికి పోయెటప్పుడు పూసుకో. జర మనిషి లెక్క కనవడుతవ్."

తునిలో దిగేసరికి, బొంబాయి నుంచి ఎవరైనా ఫోన్ చేశారో లేదో నాకు తెలియదు. మా మేనమామ నాతో మాట్లాడ్డం మానేసి, నా పక్కన మాత్రం నడిచాడు. మాస్టారే తలుపు తీశారు. నన్ను పైనుంచి కింది దాకా చూశారు. (అత్తరు కొంచెం ఎక్కువైందని అప్పుడే తెలిసింది.)

"రండి. బొంబాయి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. చెడింది మా విమానమే, అబ్బాయి తప్పేమీ లేదు, చింతిస్తున్నాం అన్నారు. నా సర్వీసంతా బస్సుల్లో తిరిగానండీ. ఆలస్యమైనందుకు ఏ బస్సూ నా దగ్గర చింతించలేదు. ఇంతకీ మీరక్కడ ఏ హోదాలో ఉన్నారు?"

"టైమ్‌కీపర్నండి."

ఆయన గోడ మీది క్యాలెండర్ని ఒకసారి చూసి, పెద్దమనసుతో ఊరుకున్నారు.

కాఫీ తెచ్చిన అమ్మాయి వెంటనే లోపలికి వెళ్ళలేదు. "వాళ్ళు ఊరికే ఫోన్ చేశారా?" అంది.

"ఊరికే కాదండీ. పది కిలోలు ఎక్కువ తెచ్చుకోమన్నారు. అవి వద్దని, ఈ ఫోన్ అడిగాను."

ఆమె నిజంగానే బాధపడింది. ఒక్క క్షణం ఆలోచించి, "అయిదు కిలోలకి దిగి, ఫోన్ కూడా చేయించాల్సిందండీ," అంది.

మా మేనమామ గుక్కెడు కాఫీ మింగలేక దగ్గాడు. నా మటుకు నాకు, ఇంక అడగవలసిన ప్రశ్నలేవీ మిగల్లేదు.

ఇప్పటికీ ఏ ప్రయాణానికైనా సూట్‌కేసుని కొక్కేనికి వేలాడదీసి తూచేటప్పుడు, మా ఆవిడ నాకేసి చూసి నిట్టూరుస్తుంది. "ఆ పది కిలోలూ ఉండి ఉంటేనా, ఒక మిక్సీ వచ్చేది," అంటుంది. ఇంటికొచ్చిన వాళ్ళతో మాత్రం ఇదే కథ గర్వంగా చెబుతుంది, అదీ నేను వంటింట్లో ఉన్నప్పుడు. విమానాలు ఈ రోజుల్లోనూ రద్దవుతూనే ఉన్నాయి. సెల్‌ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది, అంతే. ఫోటో చూపించడానికి అవతల మనిషంటూ ఉండడు. ఎరువు టై కట్టుకుని, ఫోటోలో తప్ప చూడని పిల్ల కోసం చేతికందిన కిలోల్ని కాదన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. ఈ వయసులో, ఇంత అనుభవంతో నన్ను ఆ కౌంటర్ ముందు నిలబెడితే నేను కిలోలే తీసుకుంటాను. అదృష్టం కొద్దీ ఆ రోజు అక్కడ నిలబడింది నేను కాదు, వాడు.