సబ్బుకు ఎర్రబడని పసుపు

పెనుకొండ చౌడక్కకు ఇతరుల చేతి పసుపు నచ్చదు. అంగట్లో పొడి చూస్తే ముక్కు దగ్గర పెట్టుకుని, మూతి తిప్పి, వెనక్కి నెట్టేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆమె బాలింతలకు పొడి చేసి ఇస్తోంది. సొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము వేటికవి వేయిస్తుంది. పసుపు కొమ్ములను మాత్రం ఎండబెట్టి తనే దంచుకుంటుంది. ఆ పొడి నెయ్యితో వేడన్నంలో కలిపి మొదటి ముద్దగా తింటే కడుపులో వాయువు చేరదనీ, ఒంటికి వేడి పుడుతుందనీ హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఆడవాళ్ల నమ్మకం.

ధర్మవరంలో పట్టుకు రంగులు వేసే బాలప్ప ఇంట్లో, పెద్దకూతురి కాన్పప్పుడు, ఆయన భార్య పద్మజ ఆ పొడి చూసి నవ్వింది.

"ఇదేం పసుపక్కా, మట్టి మాదిరి ఉండాది. మా ఇంట్లో రంగు చూసే అన్నం తింటాం."

ఆ మాట చౌడక్కకు ముల్లులా దిగింది. అందుకే ఈసారి హిందూపురం సంతలో విడిగా అమ్మే పసుపు పొడి కొన్నది. చేమంతిపువ్వులా మెరిసింది. వాసన మాత్రం పలచగా ఉంది. అది ఆమెకు తెలిసింది. తెలిసీ దాన్నే కలిపి, మిరియాలు ఇంకో గుప్పెడు ఎక్కువ వేసింది.

బాలప్ప చిన్నకూతురు పావని కాన్పయి ఆ పొడి తినడం మొదలుపెట్టిన రెండో రోజున చౌడక్క చూడవచ్చింది. పెరట్లో పద్మజ, పావని పొడన్నం తిని చెయ్యి తుడుచుకున్న తువ్వాలుకు సబ్బు రుద్దుతోంది. అటుగా పోతున్న బాలప్ప ఆగాడు. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడాలి. ఇది పచ్చగానే ఉంది. ఆయన డబ్బాలోని పొడి చిటికెడు తీసి, గిన్నెలో వేసి, రంగుల కొట్టంలోని యాసిడ్ రెండు చుక్కలు పోశాడు. పొడి గులాబిరంగుకు తిరిగింది. నిజం పసుపైతే నీళ్లు పోయగానే ఆ రంగు పోవాలి; ఇది పోలేదు.

"చౌడక్కా, ఇది పసుపు కాదు. మేము పట్టుకేసే రంగు లాంటిది."

చౌడక్క ఉప్పూ కారం సరిపోయాయో లేదోనని రుచి చూసిన నాలుకను కొంగుతో గట్టిగా తుడుచుకుంది. ఇన్నేళ్లు ఇతరుల పొట్లాలకు మూతి తిప్పిన తన ముఖం మీద తనకే ఉమ్మేయాలనిపించింది.

బాలప్ప గిన్నె కడిగేశాడు. విషయం ఇంట్లోనే ఉండనిద్దామన్నాడు. బయటికి పొక్కితే ఆమె పేరు పోతుంది, రంగు కావాలని అడిగింది తన భార్యేనని తమకూ మాట వస్తుంది. పావని తిన్నది రెండు ముద్దలే కదా.

ఆయన గొంతులో కూతురి మీద కన్నా మాట మీదే బెంగ ఎక్కువ వినిపించింది. చౌడక్క ఆయన వైపు చూడలేకపోయింది.

"ఇదే పొడి హిందూపురంలో ఇంకో ఇంట్లో ఉండాదప్పా. ఆ బాలింత పన్నెండు దినాలుగా తింటాండాది."

పావనిని డాక్టరుకు చూపించమని పద్మజ చెయ్యి పట్టుకుని మరీ చెప్పి, మధ్యాహ్నం బండెక్కింది. పక్కన ఎవరో పులిహోర పొట్లం విప్పారు. ఆ పచ్చదనం చూడలేక కిటికీ వైపు తిరిగింది.

హిందూపురంలో ఆ ఇంటి యశోదమ్మ ఎదురొచ్చి, ఈ తూరి పొడికి మంచి రంగు ఉందనీ, ఇంకో డబ్బా కావాలనీ అంది. లోపల ఆమె కూతురు రంజిత అప్పుడే కంచం ముందు కూర్చుంది. వేళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. చంటిబిడ్డ ఒళ్లో పాలకోసం వెతుక్కుంటోంది.

ఆ క్షణంలో చౌడక్కకు ఒక మాట తోచింది. పొడికి పురుగు పట్టిందని చెప్పి డబ్బా తీసుకుపోతే చాలు. ఎవరికీ తెలియదు.

వంగి కంచం పక్కకు లాగేసింది.

"తినొద్దు తల్లీ. దీంట్లో బట్టలకేసే రంగు ఉండాది. వాసన తక్కువుందని నాకు తెలుసు. తెలిసే కలిపినా."

రంజిత ముద్ద వదిలేసింది. యశోదమ్మ, పసిబిడ్డ తల్లికి పెట్టేటప్పుడు చెయ్యెట్లా వచ్చిందని మెల్లగా అడిగింది. ఇక ఈ గడప తొక్కొద్దంది.

"తొక్కను. ముందు ఆసుపత్రికి పోదాం పద. నన్ను తర్వాత తిట్టుదువు."

ఆటోలో యశోదమ్మ తనకూ చౌడక్కకూ మధ్య సంచి పెట్టింది, చీర తగలకుండా. ఆసుపత్రిలో డాక్టరమ్మ డబ్బా మూత తీసి చూసి, ఇది ఎవరు చేశారని అడిగింది. యశోదమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

చౌడక్క బెంచీ మీద నుంచి లేచి ముందుకొచ్చింది.