మూడు మేకుల గుర్తు

నేషనల్ పార్కు గేటుకు అర కిలోమీటరు ఇవతల, బస్టాండు పక్క గదిలో మేస్త్రి ఇరవై ఆరేళ్లుగా బూట్లు బాగుచేస్తున్నాడు. ఏటి వెంబడి నడవడానికి వచ్చేవాళ్ల బూట్లు ఏదో ఒకరోజు అతని ఒళ్లోకి రావలసిందే. అతను మాత్రం పార్కులో ఎన్నడూ అడుగుపెట్టలేదు. జనానికి సెలవంటే అతనికి గిరాకీ.

కొత్త సోలు వేస్తే చుట్టూ మైనం దారంతో కుట్టి, చివర మడమ మీద మూడు చిన్న మేకులు ముక్కోణంగా దిగ్గొట్టేవాడు. కుట్టు పూర్తయిందనడానికి అది గుర్తు. కిందటి నెల అటవీ గార్డు బూట్ల దగ్గర మాత్రం ఆ గుర్తు అబద్ధమైంది. వేళ్ల కణుపులు వాచి, తోలు గుచ్చే ఆరె ఎంత నొక్కినా దిగలేదు. కొత్తరకం జిగురుతో అతికించి, పైన మూడు మేకులూ కొట్టి ఇచ్చేశాడు. గార్డు రోజూ ఏట్లో చీలమండ లోతున నిలబడి నీటిమట్టం రాసుకునే మనిషి. పాకుడు రాళ్ల మీద సోలు ఊడితే? ఆ మాట మేస్త్రి భార్యకు కూడా చెప్పలేదు.

ఆ బుధవారం భార్యకు సెలవు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నుంచీ వాన.

"ఈ వానలో పార్కుకు వెళ్దామంటే మీరు రారుగా," అంది మాటవరసకు.

"పద."

ఫ్లాస్కు మూత బిగిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా?"

టికెట్ల కిటికీలోని మనిషి వాళ్లను, తర్వాత ఆకాశాన్ని చూసి రెండు టికెట్లు చింపాడు. బాట మెత్తగా నానిపోయి ఉంది. పక్కనే ఏరు, టీ రంగు నీళ్లతో బండల మీదుగా ఎగిరిపడుతోంది. ఆమె ప్రతి మలుపులో ఆగి చూసింది. అతను తల ఎత్తలేదు.

"ఏరు చూద్దామని తీసుకొస్తే ఆ నేలచూపులేంటండీ? ఏమన్నా పడేసుకున్నారా?"

"జారుతుంది. చూసుకోవద్దూ!"

అప్పుడే కనిపించింది, బురదలో మడమ ముద్ర, మధ్యలో మూడు చుక్కలు. అంచులు ఇంకా వానకు కరగలేదు. మనిషి వెళ్లి ఎంతోసేపు కాలేదన్నమాట. ఈ వానలో ఇటు వచ్చేది గార్డే అయ్యుండాలి. మేస్త్రి ముద్ర వెంట ముద్ర పట్టుకుని నడిచాడు. బొటనవేలి దగ్గర సోలు విచ్చుకుంటే ముద్రలో తెలుస్తుంది. ఏదీ తెలియలేదు. అయినా బురదను నమ్మడం ఎలా?

పావుగంటకు బాట ఒక రేకుల షెడ్డు ముందు ఆగిపోయింది. లోపల గార్డు నీటిమట్టం పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

"బాబాయ్! పిన్నీ! ఇటొచ్చారేంటి? పసుపు బాణం దగ్గర ఎడమకు తిరగాలిగా!"

"మీ బాబాయినే అడుగు," అందామె గొడుగు దులుపుతూ. "బాణం నేను చూశాను. ఆయన అంత ధీమాగా నడుస్తుంటే దారి తెలుసేమో అనుకున్నా."

"బూటు విప్పు," అన్నాడు మేస్త్రి.

"కూర్చోండి బాబాయ్, ముందు..."

"విప్పరా నాయనా."

మేస్త్రి బూటు తిరగేసి సోలు అతుకు చుట్టూ బొటనవేలి గోరు నడిపించాడు. మళ్లీ నడిపించాడు. సోలును విల్లులా వంచాడు. గోరు ఎక్కడా దూరలేదు. రెండో బూటు కూడా అడిగి తీసుకున్నాడు. అదీ అంతే.

"ఇవి నేను కుట్టలేదు," అన్నాడు, బూటును చూస్తూనే. "వేళ్లు సాగక అతికించాను. నీకు చెప్పకుండా మేకులు కొట్టాను. తప్పు చేశాను."

గార్డు మేజోడు తడిమి చూసుకున్నాడు.

"ఇదా సంగతి! నెల్రోజులుగా కాళ్లు తడవట్లేదేంటా అనుకుంటున్నా. ఇదివరకు మీ కుట్టు రంధ్రాల్లోంచి సగం ఏరు లోపలికే వచ్చేది బాబాయ్."

మేస్త్రి మొహం ఎర్రబడింది. "మరి ఇన్నేళ్లూ నోరు విప్పలేదేం?"

"మీ కుట్టును మీ ముందే అనేంత ధైర్యం ఈ ఊళ్లో ఎవరికుంది?"

ఫ్లాస్కు విప్పి తాగుతున్న ఆమెకు టీ పొలమారింది. దగ్గూ నవ్వూ తగ్గాక కళ్లు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "పొద్దున్నే చొక్కా గుండీలు నాచేత పెట్టించుకునే మనిషికి వేళ్లు బాగున్నాయనుకున్నానా? ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా. నా బూట్లు కూడా అతికించండి. కుడికాలు తడుస్తూనే ఉంటుంది."

"నువ్వూనా? ఎప్పట్నుంచి?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ."

ఆమె ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇస్తే, మేస్త్రి వాచిన వేళ్లతో రెండు చేతులా పట్టుకుని తాగాడు. వేడి కణుపులకు హాయిగా తగిలింది.

"అతికించినవాటికి రెండే మేకులు," అన్నాడు చివరికి. "చూసినవాళ్లకు తేడా తెలియాలి."

"నావి ఒకటి పీకేయమంటారా?" అన్నాడు గార్డు.

"రేపు కొట్టుకు రా. నేనే పీకుతాను."

వెనక్కి వచ్చి పసుపు బాణం దగ్గర ఎడమకు తిరిగారు. వాన అలాగే ఉంది. ఆ బాటలో ఎవరి ముద్రా లేదు. మేస్త్రి తల ఎత్తి నడిచాడు. మలుపులో ఏరు ఒక్కసారిగా వెడల్పయి కనిపించేసరికి, ఈసారి ముందు ఆగింది అతనే.