శ్రావణంలో సారె డబ్బా

పెళ్లయిన కొత్తలో ఒకనాటి బస్సు దారిలో పోయినవి ఇవి: సకినాలు ఎనభై నాలుగు, అరిసెలు ఇరవై ఒకటి, స్టీలు డబ్బా మూత, ఎడమకాలి చెప్పు. మొన్న మంచిర్యాల నుంచి గోదావరిఖని వస్తుంటే గోదావరి వంతెన దాటాక సైరన్ మోగింది. నా పక్కన కూర్చున్న అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకొని, చిప్స్ పాకెట్ ఒళ్లో దాచుకొని తింటూ తల కూడా ఎత్తలేదు గానీ, నా అరచేతులు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా చెమటతో తడిసిపోయాయి.

మా నాయినది మందమర్రిలో గని పని, మా మాటలో బాయి పని. మా చిన్నప్పుడు అక్కడ మేమెరిగినవన్నీ నేల కిందికి దిగే గనులే. షిఫ్టు సైరన్‌ను బట్టే మా ఇళ్లలో పొయ్యి వెలిగేది, పిల్లలు బడికి బయలుదేరేవారు. అది వేళ కాని వేళ మోగిందంటే మాత్రం లోపల ప్రమాదం జరిగిందని అర్థం. పొయ్యి మీద ఎసరు పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్లంతా గని గేటుకు పరుగెత్తేవారు. ఎవరింటి మనిషో తెలిసేదాకా ఒక్కరూ ఏడ్చేవారు కాదు, ముందుగా ఏడిస్తే అది తమ ఇంటికే వస్తుందేమోనన్న భయం. ఆ వైపు పెరిగిన నా ఈడు వారికి ఈ భయం గురించి వేరే చెప్పనక్కరలేదు.

నా పెళ్లయిన రెండు వారాలకే ఆషాఢం వచ్చి నన్ను పుట్టింటికి తీసుకొచ్చారు. శ్రావణంలో తిరిగి పంపేటప్పుడు అమ్మ సారె కట్టింది. గోదావరిఖనిలో అత్తవారి క్వార్టర్ల వరుసలో ఇరవై ఒక్క ఇళ్లు, ఇంటికి నాలుగు సకినాలు, ఒక అరిసె చొప్పున పంచాలని లెక్క వేసింది నేనే. బడి చదువు అయిదో తరగతితో ఆగినా, పిండివంటలు ఎంచి ఎంచి నాకు లెక్క అబ్బింది. అత్తగారు చూడకముందు దారిలో మూత తీయవద్దని, డబ్బా చేయి వదలవద్దని అమ్మ రెండు మాటలు చెప్పింది. డ్యూటీ పడడంతో నాయిన నన్ను మంచిర్యాలలో బస్సెక్కించి వెళ్లిపోయాడు.

పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చొని ఉంది. నెలలు నిండుతున్న కూతురికి గరిజెలు తీసుకుపోతోందట. అడగకుండానే రెండు తీసి నా చేతిలో పెట్టింది. అప్పట్లో బస్సులో డబ్బా తెరిస్తే పక్కవారికి పెట్టకుండా తినడం ఎవరికీ చేతకాదు. నేను తిన్నాను గానీ, బదులు పెట్టడానికి నా డబ్బా తీయలేక ముడుచుకుపోయాను. ఆమె కనిపెట్టి నవ్వింది.

"కొత్త కోడలివి గదా బిడ్డా, మీ అత్త నోట్లె పడ్డంకనే మాకు."

వంతెన దాటి కొంత దూరం పోయాక బస్సు ఆగింది. సైరన్ మోగింది. మిట్టమధ్యాహ్నం, ఏ షిఫ్టుకూ సంబంధం లేని వేళ. మా ఆయనదీ గని పనే, ఉదయం షిఫ్టుకు లోపలికి దిగి ఉంటాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. డబ్బా గుండెకు హత్తుకొని బస్సు దిగి, బురదలో, గేటు ఎటుందో కూడా తెలియకుండా పరుగెత్తాను. ఎర్ర జెండా పట్టుకున్న మనిషి ఏదో అరుస్తున్నాడు. ఆ అరుపు కూడా ప్రమాదం గురించేనని ఇంకా వేగంగా ఉరికాను. అంతలో కాళ్ల కింద నేల అదిరింది. పడిపోయాను. మూత ఎటో దొర్లిపోయింది, ఎడమకాలి చెప్పు ఊడిపోయింది, సకినాలు, అరిసెలన్నీ నల్లటి బురదలో చెల్లాచెదురయ్యాయి.

వెనకే పరుగెత్తి వచ్చిన పెద్దావిడ నా జబ్బ పట్టి లేపింది.

"గది ఓపెన్ కాస్టు సైరన్ బిడ్డా. బండలు పేలుస్తున్నరు, అంతే. నీ పెనిమిటికి ఏం గాలే."

"బాయిల ఉన్నడవ్వా."

"ఉండనియ్. బాయి గాడుంది, పేలింది గీడ."

కండక్టర్ తలుపు దగ్గర నిలబడి, దిగి ఉరికినోళ్లకు టికెట్ పైసలు వాపస్ రావని అందరినీ నవ్వించాడు. నేను నవ్వలేకపోయాను. నేల మీద తవ్వే గని మా వైపు లేదు. పేల్చే ముందు దారి ఆపి సైరన్ వేస్తారని నేనెన్నడూ వినలేదు. ఆమె మాటను బుద్ధి నమ్మినా ఒళ్లు నమ్మలేదు, మిగిలిన దారంతా పళ్లు టకటకమంటూనే ఉన్నాయి. దానికి తోడు ఖాళీ చేతులతో అత్తగారి గడప ఎట్లా తొక్కాలన్న భయం ఒకటి. అప్పుడామె తన డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది.

"నా బిడ్డకు మల్ల చేస్త. డబ్బా వాపస్ ఇచ్చేటప్పుడు మాత్రం వట్టిగ ఇయ్యకు, తెల్సిందా."

ఆమె దిగవలసిన స్టాపు వచ్చింది, పోయింది. నన్ను ఆ వణుకుతో ఒంటరిగా వదలలేక దిగలేదు. మా క్వార్టర్ల స్టాపులో నాతో పాటే దిగింది. షిఫ్టు ముగిసి, ముఖం మీద బొగ్గు కూడా కడుక్కోకుండా, మా ఆయన అక్కడ నిలబడి ఉన్నాడు. నేను ఆ ముఖాన్నే చూస్తూ ఎంతసేపున్నానో తెలియదు. పేరు, ఇల్లు అడుగుదామని వెనక్కి తిరిగేసరికి ఆమె తన స్టాపు వైపు తిరిగిపోయే బస్సు ఎక్కేసింది.

డబ్బాలో ఇరవై ఆరు గరిజెలున్నాయి. ఇంటికొకటి చొప్పున పంచాం, మిగిలిన అయిదు ఇంట్లో తిన్నాం. తర్వాత ఎన్ని శ్రావణాలు ఆ డబ్బా నింపుకొని అదే బస్సు ఎక్కానో, ఆమె కనబడలేదు. మా ఆయన పదవీ విరమణ చేసి క్షేమంగా ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు సైరన్ మోగితే ఎవరూ పరుగెత్తరు, ఒక ఫోను చేసి గొంతు వింటారు. బస్సులో పక్క మనిషి భయపడితే గుర్తుపట్టేవారు, డబ్బా తీసి ఒళ్లో పెట్టేవారు మాత్రం ఎక్కడికి పోయారో తెలియదు. మొన్న నా సంచిలో ఆ డబ్బా నిండుగానే ఉంది. పక్కనున్న అమ్మాయికి రెండు గరిజెలు ఇవ్వబోతే వద్దని చేయి ఊపింది. ముందు తిన్న రెండూ కలిపి, నా మీద నేటికీ బాకీ ఇరవై ఎనిమిది గరిజెలు, ఒక డబ్బా.