కోకిల మిద్దె మీద గాలి

వాషర్‌మెన్‌పేట్‌లో మా పక్కింటి కోకిల బూడిదగుమ్మడి వడియాలు పెడుతుంది. జార్జి టౌన్‌లో దుకాణం ఉన్న వరదయ్య ఏటా దీపావళికి ముందు ఆమె దగ్గరే కొంటాడు. ఈసారి మాత్రం, సరుకు మెత్తగా ఉంటే ఇకపై అంబత్తూరులో యంత్రం మీద ఎండబెట్టినవి తెచ్చుకుంటానని చెప్పేశాడు.

అందుకని ఆమె కళ్లన్నీ గాలి మీదే. పడమటి గాలి తన తడినంతా కొండల అవతలే కుమ్మరించేసి ఒట్టి చేతులతో మద్రాసు చేరుతుంది. వడియాలకు అదే మంచిది. దీపావళి దగ్గరపడేసరికి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. అది మంగోలియాలో గుర్రాల జూలు దువ్వి బయల్దేరి, బంగాళాఖాతంలో మునకేసి, తల తుడుచుకోకుండా నేరుగా కోకిల మిద్దెకే వస్తుందని నేను చెబుతుంటాను. సముద్రంలో మునగడం వరకు నిజమే.

గాలి తిరిగిందో లేదో తెలియడానికి ఆమె దండెం మీద పాత నూలు చీర వేస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి రోజూ వచ్చేదే గనుక దాన్ని పట్టించుకోదు. పొద్దున కొంగు ఎటు ఎగిరితే అదే తీర్పు.

సెప్టెంబరులో ఒక పొద్దున కొంగు పడమటికి ఎగిరింది, అంటే గాలి సముద్రం వైపు నుంచి వస్తున్నట్టు. కోకిల గాబరాపడి, సగం ఎండిన వడియాల చాపలన్నీ గదిలోకి చేర్చింది. అక్కడ అవి మెత్తబడసాగాయి. బయట చూస్తే చినుకు జాడ లేదు. నన్ను మిద్దె మీదికి పిలిచింది.

"మబ్బులేమో సముద్రం దిక్కు పోతా ఉండాయి. చీరేమో ఇట్ల ఎగరతా ఉంది. ఏది నమ్మేదన్నా?"

గాలికి కూడా మేడమీద ఒక కాపురం, కింద ఒక కాపురం ఉంటాయన్నాను.

"నీ కోతలు మనవళ్లకు చెప్పుకో పో."

మా ఇళ్లకు తూర్పున వేసవిలో కొత్తగా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. కోకిల ఊదువత్తులు తీసుకుని దాని పైకెక్కింది. వాచ్‌మన్ అరుముగం, వెనక నేను. అక్కడ పొగ తిన్నగా సముద్రం వైపు సాగింది. కిందికి చూస్తే ఆమె చీర ఇంకా పడమటికే ఎగురుతోంది. పడమటి గాలి ఈ గోడకు కొట్టుకుని, కిందికి జారి, ఆమె మిద్దె మీద వెనక్కి తిరుగుతోంది.

అరుముగం ఫ్లాట్లవాళ్లను అడిగి ఒప్పించాడు. చాపలు ఆ మేడెక్కాయి. అసలు ఈశాన్యం రాకముందే వడియాలు గలగలమన్నాయి.

వరదయ్య ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. టక్కుమంది. పై ఏడాదికి కూడా ఆమెనే పెట్టమన్నాడు. కోకిల సరేనంది గానీ, ధ్యాస అక్కడ లేదు. నా వైపు తిరిగి, గోడకు తగిలి వెనక్కొచ్చిన గాలి మన మిద్దె దాటినాక యాడికి పోతాదన్నా అని అడిగింది.